దొంగ దొరికాక నిర్దోషి ఏమయ్యాడు? – ‘ఢిల్లీ క్రైమ్’ రెండో సీజన్ మీద కొన్ని ఆలోచనలు

‘ఢిల్లీ క్రైమ్’ నాకు ఇష్టమైన సిరీస్. ఈ మాట ముందే చెప్పడం మంచిది. ఇష్టం లేనివాళ్ళు తప్పులు వెతకడం తేలిక. ఇష్టపడి, నిద్ర మానుకుని చూసినవాళ్ళకు మాత్రం ఒక దృశ్యం గుచ్చుకుంటే, ఎందుకు గుచ్చుకుందో తేలేదాకా మనసు ఊరుకోదు. ఈ వ్యాసంలో నేను చేసేది ఆ పనే.

మొదటి సీజన్ 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో జరిగిన సామూహిక అత్యాచారం కేసును పోలీసులు ఎలా ఛేదించారన్నది దాని కథ. రిచీ మెహతా దర్శకుడు. 2020లో ఉత్తమ డ్రామా సిరీస్‌గా ఇంటర్నేషనల్ ఎమ్మీ అవార్డు దానికే వచ్చింది. మన దేశపు సిరీస్‌కు ఆ అవార్డు రావడం అదే మొదటిసారి. డీసీపీ వర్తికా చతుర్వేదిగా షెఫాలీ షా చేసిన నటన మామూలుది కాదు. ఆమె గట్టిగా అరవదు. కళ్ళతోనే కోపం, అలసట, బాధ అన్నీ చెబుతుంది. మగవాళ్ళు ఎక్కువగా ఉండే శాఖలో ఒక ఆడమనిషి పని చేయించుకుంటూ, మాట పడుతూ, మాట నిలబెట్టుకుంటూ నడవడం చూస్తుంటే ఏ ఉద్యోగంలో ఉన్న ఆడవాళ్ళకైనా తమ కథే అనిపిస్తుంది. ఆమె వెంట ఉండే భూపేంద్ర, నీతి పాత్రలు కూడా మన పక్కింటి మనుషుల్లాగే ఉంటాయి.

రెండో సీజన్ 2022 ఆగస్టు 26న వచ్చింది. ఐదు ఎపిసోడ్లు. దర్శకుడు తనుజ్ చోప్రా. ఢిల్లీ పోలీసు కమిషనర్‌గా పనిచేసిన నీరజ్ కుమార్ రాసిన పుస్తకంలోని ఒక అధ్యాయం దీనికి ఆధారం. దక్షిణ ఢిల్లీలో డబ్బున్నవాళ్ళ ఇళ్ళలో వయసు మళ్ళిన దంపతులను ఎవరో దారుణంగా చంపుతారు. వచ్చినవాళ్ళు ఒంటికి నూనె రాసుకుని, బనియన్లు, నిక్కర్లతో ఉన్నారు. అంటే ఒకప్పుడు నగరాన్ని వణికించిన ‘కచ్చా బనియన్ గ్యాంగ్’ మళ్ళీ వచ్చిందన్నమాట. మన తెలుగు పేపర్లు ‘చెడ్డీ గ్యాంగ్’ అని రాసేది ఇలాంటి ముఠాల గురించే. పేపర్లు, టీవీలు గోల పెడతాయి. త్వరగా తేల్చమని పైనుంచి ఒత్తిడి. ఈ ముఠాల సంగతి బాగా తెలిసినవాడని చడ్డా అనే రిటైర్డ్ అధికారిని పిలిపిస్తారు.

గాలింపు

నన్ను పట్టి ఆపేసింది ఇక్కడే. చడ్డా దృష్టిలో కేసు చాలా తేలిక. ఈ పని చేసేవి కొన్ని తెగలు. ఆ తెగల వాళ్ళకు నేరం పుట్టుకతోనే వస్తుంది. కాబట్టి వాళ్ళను పట్టుకొస్తే చాలు, అందులోనే దొంగ ఉంటాడు. నగరంలో ఎక్కడెక్కడ విముక్త జాతుల వాళ్ళున్నారో అక్కడికి పోలీసులు వెళతారు. మనుషులను మూకుమ్మడిగా తెచ్చి స్టేషన్లో నింపుతారు. వాళ్ళ తరఫున ఒక లాయరు వచ్చి, ఏ ఆధారంతో తెచ్చారని నిలదీస్తాడు. వర్తికకు లోపల ఇబ్బందిగా ఉంటుంది, కానీ పని ఆగదు.

ఈ భాగం చూస్తున్నంతసేపు నాకు ఊపిరి సరిగా ఆడలేదు. నటన బాగుంది, కెమెరా బాగుంది, సంగీతం గుండెల్లో మోగుతోంది. క్రైమ్ కథలు ఇష్టపడే ప్రేక్షకురాలిగా తరువాత ఏమవుతుందోనన్న ఆత్రం నాలో ఉంది. వరుసగా నిలబెట్టిన ఆ మనుషుల వైపు చూసిన ఆదివాసీ మనిషి కూడా నాలోనే ఉంది. ఈ రెండూ ఒకేసారి నడిచాయి. ఆత్రం నిజమే, అవమానం నిజమే. మన పిల్లలు ఫోన్లలో ఇలాంటివి రోజూ చూస్తున్నారు. వాళ్ళలో కూడా ఈ రెండూ నడుస్తూనే ఉంటాయి. వాటి గురించి మాట్లాడేవాళ్ళు పక్కన లేకపోతే ఆత్రం గుర్తుంటుంది, అవమానం లోపల ఇంకిపోతుంది. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు ఆ సిరీస్‌కు దక్కాల్సిన మెప్పు ఇచ్చేద్దాం. చడ్డా మాటలను సిరీస్ సమర్థించదు. అతన్ని చూస్తే మనకు అసహ్యమే కలుగుతుంది. లక్షలమంది చూసే ఒక పెద్ద సిరీస్‌లో నేరస్థ ముద్ర వేసిన చట్టం సంగతి, విముక్త జాతుల సంగతి వినబడటమే అరుదు. అది ఇందులో వినబడింది. పైగా అసలు హంతకులు ఆ తెగల వాళ్ళు కాదని కథ తేలుస్తుంది. పాత ముఠా వేషం వేసుకుని, అనుమానం వేరేవాళ్ళ మీదకు పోయేలా చేసింది మరొక గుంపు. దాని నాయకురాలు లత. ఆ పాత్రలో తిల్లోత్తమా షోమ్ నటించింది. ఒక్క చూపుతో భయపెట్టింది.

ఇంత చేసిన సిరీస్ మీద ఇంకా ఫిర్యాదేమిటి అని ఎవరైనా అడగవచ్చు. నా సమాధానం, ఫిర్యాదంతా ఆ తరువాత జరిగినదాని గురించే.

మొదటి అనుమానితుడు

క్రైమ్ కథలు ఎక్కువగా చదివేవాళ్ళకు, చూసేవాళ్ళకు ఒక సంగతి తెలుసు. మొదట పట్టుబడ్డవాడు హంతకుడు కాడు. అతన్ని రచయిత మన దృష్టి మళ్ళించడానికి పెడతాడు. సగం కథ దాకా మనం అతని వెంట పరిగెత్తాలి, తరువాత ‘అయ్యో, వీడు కాదే’ అనుకోవాలి. అప్పుడే మలుపు రక్తి కడుతుంది. ఇది ఆ కళలో ఉన్న పద్ధతి. దానిలో తప్పు లేదు.

కానీ ఆ మొదటి అనుమానితుడి స్థానంలో ఒక మనిషికి బదులు మొత్తం ఒక జాతిని పెడితే? ‘ఢిల్లీ క్రైమ్’ చేసింది అదే. అనుమానం ఉన్నంతసేపు ఆ మనుషులు తెర నిండా ఉన్నారు. వాళ్ళు కాదని తేలగానే కథకు వాళ్ళతో పని తీరిపోయింది. చివరి ఎపిసోడ్లు లత వెంట వెళ్ళాయి. ఆమె ఎక్కడ పుట్టింది, పెళ్ళి ఎలా అయింది, ఏం వదిలి వచ్చింది, సొంత బ్యూటీ పార్లర్ పెట్టుకోవాలన్న కోరిక ఎంత బలమైనది, బిడ్డ సంగతేమిటి, ఇవన్నీ మనకు తెలుస్తాయి. పేదింటి ఆడపిల్ల ఆశ ఎలా వంకర తిరిగిందో చూసి జాలిపడతాం కూడా. అది మంచి రచనే. మనుషులను చంపినామెకు కూడా ఒక ఇల్లు, ఒక గతం, ఒక కల ఉన్నాయని చూపించారు.

మరి ఏ తప్పూ చేయకుండా స్టేషన్లో కూర్చున్నవాళ్ళకు? వాళ్ళ ఇళ్ళను మనం ఎక్కువగా పోలీసుల వెంటే చూస్తాం, గాలింపు జరిగే వేళలోనే చూస్తాం. వాళ్ళు ఏం పని చేసి బతుకుతారు, ఏ భాష మాట్లాడుకుంటారు, వాళ్ళ పిల్లలు ఏ బడికి వెళతారు, విడుదలైన రోజు ఇంటికి వెళ్ళి ఏం చెప్పుకున్నారు అన్నవి కథకు అక్కర్లేకపోయాయి. హంతకురాలికి దక్కినంత జీవితం నిర్దోషికి దక్కలేదు. నేను చెప్పదలచుకున్న ఒక్క మాట ఇదే. వాళ్ళు నిర్దోషులన్న సంగతి కథలో మలుపుగానే ఉపయోగపడింది. వాళ్ళ మనిషితనం మాత్రం కథలోకి రాలేదు.

తీసినవాళ్ళకు చెడ్డ ఉద్దేశం ఉందని నేను అనడం లేదు. పోలీసు కథకు చూపు పోలీసుదే. జీపు ఎక్కడికి పోతే కథ అక్కడికి పోతుంది. జీపు వెళ్ళిపోయాక ఆ వాడలో ఏం మిగిలిందో చూడటానికి కథ ఆగదు. అక్కడ మిగిలి చూడాల్సింది మనం.

చట్టం పోయింది, చూపు మిగిలింది

చడ్డా నోట వచ్చే మాటలు సిరీస్ రచయితలు కొత్తగా పుట్టించినవి కావు. వాటి వెనక నూట యాభై ఏళ్ళ చరిత్ర ఉంది. యువతకు ఈ చరిత్ర తెలియాలి, ఎందుకంటే మన పాఠ్యపుస్తకాల్లో ఇది కనిపించేది తక్కువ.

1871లో ఆంగ్ల ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. వడ్రంగి కొడుకు వడ్రంగి అయినట్టు, నేరం కూడా కులవృత్తిలాగే తరాలుగా వస్తుందని అప్పటి అధికారుల వాదన. ఒక తెగను నేరస్థ తెగగా ప్రకటిస్తే, అది తప్పని కోర్టుకు వెళ్ళే దారి కూడా ఆ చట్టం మూసేసింది. పేర్లు రిజిస్టరు చేయించుకోవాలి, పిలిచినప్పుడు హాజరు ఇవ్వాలి, అనుమతి చీటీ లేకుండా ఊరు దాటకూడదు. 1897లో చేసిన సవరణతో నాలుగేళ్ళు దాటిన మగపిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి దిద్దుబాటు కేంద్రాల్లో పెట్టే వీలు కలిగింది. నాలుగేళ్ళంటే మన అంగన్‌వాడీ పిల్లాడు. 1911 చట్టంతో ఇదంతా మద్రాసు రాజధానికి, అంటే నేటి ఆంధ్ర ప్రాంతానికి కూడా వచ్చింది. వేలిముద్రలు కూడా తోడయ్యాయి.

మన దగ్గర ఆ ముద్ర పడ్డవాళ్ళలో ఎరుకలవాళ్ళున్నారు, యానాదులున్నారు. ఎరుకలవాళ్ళు ఒకప్పుడు గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగి అమ్మేవాళ్ళు. సముద్రపు ఒడ్డు ఉప్పు లోపలి ఊళ్ళకు చేరింది వాళ్ళ కాళ్ళ మీదే. బుట్టలు, తట్టలు అల్లేవాళ్ళు. ఆడవాళ్ళు ఎరుక చెప్పేవాళ్ళు. ఉప్పు మీద ప్రభుత్వం పెత్తనం పెరిగి, రైళ్ళు వచ్చి ఆ వ్యాపారం చితికిపోయింది. ఊరూరా తిరిగేవాడు కాస్తా అనుమానించదగినవాడు అయ్యాడు. స్టువర్టుపురం, సీతానగరం, కప్పరాళ్ళతిప్ప, సిద్ధాపురం లాంటి చోట్ల సెటిల్‌మెంట్లు పెట్టి వాళ్ళను అందులో ఉంచారు. స్టువర్టుపురం పేరు హెరాల్డ్ స్టువర్ట్ అనే ఆంగ్ల అధికారి పేరు మీద వచ్చింది. దాన్ని సాల్వేషన్ ఆర్మీ నడిపింది.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో 127 జాతులకు ఈ ముద్ర ఉందని, వాళ్ళ జనాభా దాదాపు 1 కోటి 30 లక్షలని అంచనా. 1949లో అనంతశయనం అయ్యంగారు అధ్యక్షతన ఒక విచారణ సంఘం వేశారు. ఆయన తిరుచానూరులో పుట్టినవారు, తరువాత లోక్‌సభ స్పీకరు అయ్యారు. ఆ చట్టాన్ని రద్దు చేయాలని ఆ సంఘం చెప్పింది. 1952 ఆగస్టు 31న రద్దయింది. ఆ రోజునే విముక్తి దినంగా జరుపుకుంటారు. ‘ఢిల్లీ క్రైమ్’ రెండో సీజన్ వచ్చింది ఆ దినానికి సరిగ్గా 70 ఏళ్ళు నిండటానికి ఐదు రోజుల ముందు. అయితే పాత చట్టం పోయిన చోటికి అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి. కాగితం మీద జాతి పేరు తీసేశారు, మనసులో తీసేయలేదు. 2007లో ఐక్యరాజ్య సమితి జాతి వివక్ష నిర్మూలన కమిటీ ఈ చట్టాన్ని కూడా తీసేయమని మన దేశానికి సూచించింది.

ఉపాధ్యాయ మిత్రులకు ఇక్కడ ఒక మాట. టీటీసీ, డి.ఎడ్., బి.ఎడ్. చదివిన మనమంతా విద్యా మనోవిజ్ఞానంలో ‘అనువంశికత – పరిసరాలు’ పాఠం చదివాం. అందులో చాలా పుస్తకాల్లో జూక్స్ కుటుంబం, కల్లికాక్ కుటుంబం ఉదాహరణలు ఉంటాయి. ఒక నేరస్థుడి సంతానంలో తరాలుగా ఎందరు నేరస్థులయ్యారో లెక్క ఉంటుంది. పరీక్షకు బట్టీపట్టి రాశాం, మార్కులు వేయించుకున్నాం. గొడార్డ్ 1912లో రాసిన ఆ కల్లికాక్ అధ్యయనం శాస్త్రంగా నిలబడలేదని, జూక్స్ మీద 1877లో రాసిన డగ్‌డేల్ స్వయంగా పరిసరాల ప్రభావాన్ని కూడా గట్టిగా చెప్పాడని ఎంతమందికి చెప్పారు? చడ్డాది పోలీసు యూనిఫారం కాబట్టి అతని మాట మనకు చెవికి గట్టిగా తగిలింది. అదే మాట పాఠ్యపుస్తకంలో మెత్తగా ఉంటే అండర్‌లైన్ చేసుకున్నాం.

మన తెరల మీద

ఢిల్లీ దూరం అనుకోవద్దు. 2021 డిసెంబరులో విజయవాడ, తాడేపల్లి చుట్టుపక్కల దొంగతనాలు జరిగినప్పుడు మన పేపర్లు, ఛానళ్ళు ‘చెడ్డీ గ్యాంగ్’ అని పెద్ద అక్షరాలతో రాశాయి. వాళ్ళు గుజరాత్‌లోని దాహోద్ నుంచి వచ్చారన్న మాట రోజూ వినబడింది. దాహోద్ భిల్లులు ఎక్కువగా ఉండే జిల్లా. దొంగతనం చేసినవాణ్ణి పట్టుకోవాల్సిందే, శిక్ష పడాల్సిందే. కానీ ఒక నగరంలో దొంగతనం చేసిన మామూలు దొంగ ఊరి పేరు ఇన్నిసార్లు చెబుతారా? ఒక బ్యాంకును కోట్లకు ముంచినవాడి కులం, జిల్లా పేరుతో గ్యాంగు పేరు పెడతారా? ఆదివాసీ అయితే మాత్రం నేరానికి జిల్లా మొత్తం చిరునామా అయిపోతుంది.

తెలుగు సినిమాకు స్టువర్టుపురం ఎప్పటినుంచో సరుకు. 1991లోనే ‘స్టువర్టుపురం పోలీస్ స్టేషన్’, ‘స్టువర్టుపురం దొంగలు’ అనే సినిమాలు వచ్చాయి. రెండో సినిమా పేరులోనే తీర్పు ఉంది. 2023లో ‘టైగర్ నాగేశ్వరరావు’ వచ్చింది. దాని టీజర్ తమ ఊరివాళ్ళ మనసు నొప్పించేలా ఉందని ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో కేసు పడింది. ఆ ఊళ్ళో టీచర్లున్నారు, నర్సులున్నారు, రైతులున్నారు, పరీక్షలకు చదువుకునే పిల్లలున్నారు. ఉద్యోగం ఇంటర్వ్యూలో ఊరి పేరు చెప్పాల్సి వచ్చినప్పుడు గొంతు ఎందుకు తగ్గించుకోవాలి అన్నది వాళ్ళ ప్రశ్న. ఆ ప్రశ్న ముందు నిలబడితే ‘ఢిల్లీ క్రైమ్’ మన సినిమాల కంటే ఎన్నో మెట్లు పైన ఉందని ఒప్పుకుంటాను. అయినా ఆ పై మెట్టు మీద కూడా మనిషి కనబడలేదన్నదే నా బాధ.

ఇక మనలో మనం మాట్లాడుకోవాల్సింది ఒకటి ఉంది. కోయలం, గోండులం అయిన మనకు ఆ చట్టం తగల్లేదు కాబట్టి ఇది ఎరుకలవాళ్ళ సమస్య, యానాదుల సమస్య అనుకునేవాళ్ళున్నారు. మనకు వేరే ముద్రలున్నాయి. పోడు కొట్టుకుంటే ఆక్రమణదారులం, కట్టె మోస్తే అడవి దొంగలం, రాత్రి ఎవరో వచ్చి అన్నం అడిగితే పెట్టినందుకు సానుభూతిపరులం. ముద్ర పేరు మారింది, వేసే పద్ధతి ఒకటే. మనిషి ఏం చేశాడని అడగరు, ఎవరి పిల్లవాడని అడుగుతారు. ఇది తెలిసి కూడా మన గూడేల్లో ‘ఎరుకలోళ్ళు దిగారు, కోళ్ళు జాగ్రత్త’ అనే మాట ఇంకా వినబడుతోంది. పాలకులు పెట్టిన పేరును మన నోటితో మనమే మోస్తున్నాం.

నేను పనిచేసిన ఒక ఆశ్రమ పాఠశాలలో జరిగిన సంగతి ఇది. హాస్టల్లో ఒక సెల్‌ఫోను పోయింది. అరవైమంది పిల్లలున్న గదుల్లో మొదట తెరిపించిన ట్రంకుపెట్టె పదో తరగతి చదివే ఎరుకల పిల్లవాడిది. ఎందుకు అతనిది మొదట అని అడిగితే ఎవరూ జవాబు చెప్పలేదు. జవాబు అందరికీ తెలుసు. సాయంత్రానికి ఫోను స్టోరు గదిలో బియ్యం బస్తాల సందున దొరికింది. పెట్టినవాళ్ళే మరచిపోయారు. ఆ పిల్లవాడితో ఒక్క మాట మాట్లాడండి, అందరి ముందు తీశారు కాబట్టి అందరి ముందే చెప్పండి అని నేను వార్డెన్‌ను అడిగాను. ఆయన చెడ్డమనిషి కాదు. ‘ఫోను దొరికింది కదా మేడమ్, ఇంకేంటి?’ అన్నారు. సంక్రాంతి సెలవులకు ఇంటికెళ్ళిన పిల్లవాడు తిరిగి రాలేదు. ఇద్దరం టీచర్లం వాళ్ళ ఊరు వెళ్ళి మాట్లాడాక, మరో బడిలో చేరి పరీక్ష రాశాడు.

ఆ ‘ఇంకేంటి’ అన్న మాటే నాకు ‘ఢిల్లీ క్రైమ్’ చివరి ఎపిసోడ్లలో వినబడింది. హంతకురాలు దొరికింది కదా, ఇంకేంటి? కథ ముగిసింది. ఎవరి పెట్టెలు అందరి ముందు తెరిచారో, వాళ్ళ సంగతి కథకు అక్కర్లేదు.

ఇంకో రకం కథ ఉంది

ఇలాంటి కథను వేరుగా చెప్పలేమా? చెప్పారు. 1998 ఫిబ్రవరిలో పశ్చిమ బెంగాల్ పురూలియా జిల్లాలో బుధన్ శబర్ అనే ఖేడియా శబర తెగ మనిషిని పోలీసులు పట్టుకుపోయారు. కస్టడీలో చనిపోయాడు. ఆత్మహత్య అన్నారు. మహాశ్వేతాదేవి అండగా నిలిచారు, శబరుల సంఘం కలకత్తా హైకోర్టుకు వెళ్ళింది. కోర్టు అది ఆత్మహత్య అన్న మాటను నమ్మలేదు. సీబీఐ విచారణకు, ఆయన భార్య శ్యామలికి నష్టపరిహారానికి ఆదేశించింది.

ఆ వార్త అహ్మదాబాద్‌లోని ఛారానగర్‌కు చేరింది. ఛారాలు కూడా ఒకప్పుడు నేరస్థ తెగ ముద్ర పడ్డవాళ్ళే. అక్కడి యువత అదే ఏడాది ‘బుధన్’ అనే నాటకం ఆడారు. అలా పుట్టిన సంస్థే బుధన్ థియేటర్. వాళ్ళకు సెట్లు లేవు, పెద్ద నటులు లేరు. ఆడేది వాళ్ళే, ఆ దెబ్బలు తెలిసినదీ వాళ్ళకే. అక్కడ అనుమానితుడికి పేరుంది, భార్య ఉంది, ఊరుంది. నాటకం పేరే అతని పేరు. ‘ఢిల్లీ క్రైమ్’ కు ఉన్న డబ్బులో వెయ్యో వంతు లేకుండా చేసిన ఆ పని, ‘ఢిల్లీ క్రైమ్’ చేయలేని పని. తేడా ప్రతిభలో లేదు. కథ ఎక్కడ నిలబడి చెబుతున్నామన్న దాంట్లో ఉంది.

చట్టం వైపు నుంచి కూడా కొంత కదలిక వచ్చింది. 2024 మేలో ఢిల్లీ పోలీసులకు సంబంధించిన ఒక కేసులోనే సుప్రీంకోర్టు, వెనకబడిన వర్గాలకు చెందినంత మాత్రాన అమాయకుల పేర్లు హిస్టరీ షీట్లలో యాంత్రికంగా ఎక్కించకూడదని చెప్పింది. అదే ఏడాది అక్టోబరు 3న జైలు మాన్యువళ్ళలోని కుల వివక్షను కొట్టివేస్తూ ఇచ్చిన తీర్పులో, విముక్త జాతుల వాళ్ళను ఇష్టం వచ్చినట్టు అరెస్టు చేయకుండా చూడాలని పోలీసులకు చెప్పింది. లా చదువుతున్న మన పిల్లలు ఈ రెండు తీర్పులు తప్పక చదవాలి. టీచర్లు వాటిని సాంఘిక శాస్త్రం క్లాసులో నాలుగు వాక్యాల్లో చెప్పినా చాలు.

చివరిగా యువతకు. ‘ఢిల్లీ క్రైమ్’ చూడవద్దని నేను చెప్పను. ఇది పెద్దవాళ్ళ సిరీస్, రక్తపాతం ఎక్కువ, హైస్కూలు పిల్లలకు పనికిరాదు. డిగ్రీ, డి.ఎడ్. చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు చూడండి. నలుగురు కలిసి చూడండి. చూశాక నాలుగు సంగతులు మాట్లాడుకోండి. ఎవరి ఇంటి లోపలికి కథ వెళ్ళింది, ఎవరి గుమ్మం దగ్గరే ఆగిపోయింది? ఎవరి గురించి ఎవరు మాట్లాడుతున్నారు, వాళ్ళ గురించి వాళ్ళే మాట్లాడుకున్న మాటలు ఎన్ని? మనకు ఎవరి మీద జాలి కలిగింది, ఎవరి మీద కలగకుండానే కథ దాటిపోయింది? నిర్దోషి అని తేలిన మనిషిని మళ్ళీ ఎప్పుడు చూశాం? ఈ ప్రశ్నలు ఈ ఒక్క సిరీస్‌కే కాదు, ఏ పోలీసు కథకైనా, ఏ క్రైమ్ వార్తకైనా పనికొస్తాయి.

ఆ తరువాత ఒక పని చేయండి. స్టేషన్ నుంచి రాత్రి పదింటికి వదిలేస్తే, బస్సు లేక నడిచి ఇల్లు చేరిన ఒక మనిషిని ఊహించుకోండి. అతను తలుపు కొట్టాడు. లోపల అమ్మ ఉంది, పొద్దున కూలికి పోవాలి, పిల్లవాడికి పరీక్ష ఉంది. అక్కడి నుంచి కథ మొదలుపెట్టండి. కోయలో రాయండి, కుర్రులో రాయండి, గోండిలో రాయండి, తెలుగులో రాయండి. పోలీసు జీపు తిరిగి వెళ్ళిపోయిన తరువాత జరిగేదంతా రాయాల్సి ఉంది. రాసినవి మన తరువాతి సంచికకు పంపండి.